అరగంట దూరం

మా ఊరు పాకాలకు పడమటి పక్క, ఏటికి ఇవతల. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మాటలు సరిచేసుకుంటానంటే సరేనన్నాను. జరిగింది మాత్రం మార్చొద్దన్నాను.

నా చిన్న కూతురు చంకలో ఉన్న ఏడు, ఎండాకాలంలో ఒక ఆఫీసరు పటం చుట్టుకుని వచ్చాడు. ఆస్పత్రి కడతారట. ఏటికి అవతలి ఊళ్లో ఒకటే చాలా, ఇవతల మాకూ ఒకటి కావాలా అని తేల్చుకోవడానికి, ఏ ఊరివాళ్లకు ఎంతసేపు నడకో రాసుకుంటున్నాడు. మా పంచలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాము.

మా ఊరి మగవాళ్లకు ఒక అలవాటుంది. ఎవరు అడిగినా దగ్గరే అంటారు. దూరమని తెలిస్తే ఈ ఊరికి పిల్లనివ్వరని భయం. నా పెళ్లిమాటలప్పుడు మా నాయనకూ అట్లాగే చెప్పారు. కాపురానికి వస్తూ ఏటి ఇసకలో నడిచి నడిచి అరికాళ్లు బొబ్బలెక్కినాక తెలిసింది నాకు.

నా మొగుడు మీసానికి అంటిన మజ్జిగ తుడుచుకుని, "ఎంతసేపు సార్, అరగంట" అన్నాడు. పక్కనే ఉన్న ఆయన అన్న, "వీనికి అరగంట, నాకు దాంట్లో సగం సాలు" అని నవ్వాడు. ఆఫీసరూ నవ్వి, అరగంటే రాసుకున్నాడు.

నేను తలుపు చాటున ఉన్నాను. చంకలో బిడ్డ, నెత్తిన మూటతో ఆ దారి నడిస్తే నాకు ఒక పూట పట్టేది. ఏరు వస్తే దారే ఉండదు. చెప్పబోతే మా అత్త కొంగు పట్టి వెనక్కి లాగింది.

ఆఫీసరు పోయాక నా మొగుణ్ణి అడిగాను, ఏరొస్తే ఏం చేస్తావని.

"ఏరు ఏడాదంతా ఉంటాదా? దూరమని ఊరంతా దండోరా ఏస్తే, రేపు మనోనికి పిల్లనెవరిస్తారు మే?" అన్నాడు. మా కొడుక్కు అప్పటికి ఏడేళ్లు.

ఆస్పత్రి అవతలే కట్టారు. సున్నం కొట్టిన ఆ గోడ మా చేని గట్టు మీదికి దూరంగా తెల్లగా కనిపించేది. 

మూడో ఏడు ముసురులో చెనక్కాయలు పెరుకుతున్నాము. చెట్టు పట్టి లాగిన నా మొగుడి చేతిని పింజర పాము కరిచింది. నేను అరిస్తే ఆయనే నాకు ధైర్యం చెప్పాడు. "అరగంటే కదా, నడిసే పోతా" అన్నాడు.

నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. మంచం మీద మోసుకుపోయారు. ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. ఆయన అన్న నడుములోతు దిగి, నిలవలేక వెనక్కి వచ్చాడు. అవతల తెల్లగోడ. గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు. మా కేకలు నీళ్ల హోరు దాటలేదు. ఆయన చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. పొద్దు వాలకముందే పోయాడు.

నా కొడుక్కు మీసాలు వచ్చాక ఇంకో ఆఫీసరు వచ్చాడు. ఏటి మీద వంతెన అవసరమా అని చూస్తున్నారట. నేను గడ్డిమోపుతో వస్తుంటే పంచలో నా కొడుకు గొంతు వినిపించింది.

"ఎంతసేపు సార్, అరగంట."

వాడికి సంబంధాలు చూస్తున్నాము అప్పుడు. నేను మోపు దించకుండానే వాకిట్లోకి వచ్చాను.

"ఈ మోపు నీ నెత్తికెత్తుకో సారూ. ఏరొచ్చిన దినం నాతో రా. అప్పుడు రాసుకో."

నా కొడుకు తల వంచుకున్నాడు. ఆఫీసరు అప్పటికే పటం చుట్టేస్తున్నాడు.