ఎడమ పక్కకు

దయ్యాల కబుర్లు ఎవరు చెప్పినా నవ్వి ఊరుకునేదాన్ని. సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. ఏది చెడినా వెతికితే కారణం దొరుకుతుందన్నది తప్ప నాకు వేరే నమ్మకం లేదు. ఇది చెబుతున్నది నమ్మించడానికి కాదు. నాలోనే దాచుకోలేక.

మేముండేది ఘాజియాబాద్‌లో. మా ఆయన మురళి చివరి నెలలన్నీ మంచం మీదే గడిపాడు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం. అందుకని ఎడమ పక్కకు తిరిగి, లాప్‌టాప్‌ని పుస్తకంలా తెరిచి, అంచు మీద నిలబెట్టి చదువుకునేవాడు. అది ఎటు ఒరిగిందో కనిపెట్టే సెన్సర్ లోపల ఉంది. దాన్ని బట్టి అక్షరాలు కూడా తిరిగేవి. అందులో విండోస్ తీసేసి, లినక్స్ అనే సిస్టమ్ వేసి ఇచ్చింది నేనే.

అతను పోయాక ఇంటి నుంచి పని చేసుకోవడానికి దాన్నే తీశాను. తెర మీద అక్షరాలు తిరగకుండా లాక్ చేసి, ఆ మంచం మీదే కూర్చునేదాన్ని. ఇంకో గదిలో ఉండబుద్ధయ్యేది కాదు.

లాప్‌టాప్ లోపలి ఫ్యాను ఆగకుండా తిరిగేది. "మమ్మా, పాపా కా లాప్‌టాప్ బహుత్ గరమ్ హై!" అంటూ మా అమ్మాయి ఆ వేడికి చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఏ ప్రోగ్రాం దాని మీద అంత లోడ్, అంటే పని భారం, తెస్తోందో చూశాను. సెన్సర్‌ని చదువుతూ వెనకాల నడిచే చిన్న ప్రోగ్రాం, సర్వీస్ అంటాం. అది ఏం చదువుతోందో తెర మీద వచ్చేలా పెట్టాను. నిటారుగా, ఎడమ పక్కకు, మళ్లీ నిటారుగా, మళ్లీ ఎడమ పక్కకు. ఊపిరాడనంత వేగంగా వరసలు దొర్లిపోతున్నాయి.

పరుపు కదలిక తగలకుండా మంచం మీద చెక్క పలక వేసి లాప్‌టాప్‌ని దాని మీద పెట్టాను. నేను దిగి గుమ్మం దగ్గర నిలబడ్డాను. పట్టపగలు. సీలింగ్ ఫ్యాను కూడా ఆపేశాను. వరసలు ఆగలేదు.

హాల్లో బల్ల మీద పెడితే ఒక్క వరస రాలేదు. నోయిడాలో ఆఫీసుకు తీసుకెళితే రోజంతా చల్లగా ఉంది. తిరిగి మంచం మీదికి చేరగానే మొదలు. సాఫ్ట్‌వేర్ తప్పేమోనని పెన్ డ్రైవ్ నుంచి వేరే లినక్స్ నడిపినా అంతే.

కరీంనగర్ నుంచి వచ్చిన మా టీమ్ కుర్రాడు నరేశ్‌కి ఫోన్ చేశాను.

"సెన్సర్ చిప్ ఖరాబైందక్కా. ఆ సర్వీస్ బంద్ చెయ్యి, అయిపాయె."

"ఆఫీసులో బానే ఉంది కదా నరేశ్?"

"గదైతే నాకు సమజైతలేదక్కా," అన్నాడు.

నాలుగు రోజులు ఆ సర్వీస్ ఆపడానికి మనసొప్పలేదు. పని మానేసి ఆ వరసలు చూస్తూ కూర్చునేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం ముఖ్యమైన మీటింగ్ మధ్యలో లాప్‌టాప్ వేడెక్కి ఆగిపోయింది. మేనేజర్ చేత మాట పడ్డాను. ఆ కోపంలోనే సర్వీస్ ఆపేసి, మళ్లీ దానంతటది మొదలవకుండా కట్టేశాను.

లోడ్ పడిపోయింది. ఫ్యాను ఆగింది. అతను పోయిన రోజున కూడా ఆ గది అంత నిశ్శబ్దంగా లేదు.

ఆ సాయంత్రమే సర్వీస్ మళ్లీ ఆన్ చేశాను. లాప్‌టాప్‌ని చేత్తో ఒరిగిస్తే సెన్సర్ చక్కగా పలికింది. చిప్ బాగానే ఉంది. మంచం మీద పెట్టి చూశాను. ఏమీ లేదు. మర్నాడూ లేదు. ఇన్ని నెలలైనా లేదు.

జరిగిందంతా లాప్‌టాప్ రాసుకునే లాగ్‌లన్నీ తిరగేశాను. ఎందుకు మొదలైందో, ఎందుకు ఆగిందో చెప్పలేను. నేను ఆపకపోయి ఉంటే ఏమయ్యేదో అసలే చెప్పలేను.