నా తుపాకీలో నూనె తప్పేం లేదు

నమ్మేవాళ్లు దగ్గరికి జరిగి కూర్చోండి. నమ్మనివాళ్లు లేచి వెళ్లి పడుకోండి, నేనేమీ అనుకోను. బతిమాలి నమ్మించే అలవాటు నాకు లేదు. మా అమ్మ మీద ఒట్టు... ఇది జరిగింది. నాకే జరిగింది. ఎవడో చెబితే విని చెబుతున్న కథ కాదు.

ఒక్క షరతు. మధ్యలో ఎవరూ "నీ తుపాకీలో నూనె గడ్డకట్టి ఉంటుందిలే మస్తానన్నా" అనకూడదు. ఆ మాట ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాను. అన్నవాడితో మళ్లీ టీ కూడా తాగను.

మాది కనిగిరి వైపు మెట్ట ఊరు. మిలిటరీలో పదిహేడేళ్లు చేసి వచ్చాక, లైసెన్సు తీసుకుని ఒక డబుల్ బ్యారెల్ తుపాకీ కొనుక్కున్నాను. సొంత తుపాకీ ఉన్న మాజీ సైనికుడికి కాపలా ఉద్యోగం తేలిగ్గా దొరికే రోజులవి. అలా చిలకలూరిపేట రోడ్డులో, పత్తిలోంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో చేరాను. తొంభైల చివర, పత్తి రైతు బతుకు బాగా చితికిపోయి ఉన్న కాలం.

నాది పాతరకం తుపాకీ. వెనక రెండు చిన్న సుత్తులు బయటికే కనిపిస్తాయి. సుత్తి లేపి ట్రిగ్గర్ నొక్కితే సుత్తి పడుతుంది, లోపలి పిన్ను తూటా వెనక ఉన్న ఇత్తడి బిళ్లను పొడుస్తుంది, తూటా పేలుతుంది. అంతే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను మళ్లీ అడగొద్దు.

పత్తి మిల్లులో తుపాకీని కాపాడుకోవడం మాటలు కాదు. గాలి నిండా దూది నూగు. అన్నంలో దూది, మీసాల్లో దూది. తుపాకీకి నూనె కాస్త ఎక్కువైందా... తెల్లారేసరికి నూగంతా దానికి అతుక్కుని మెత్తటి కంబళి కప్పినట్టు అయిపోతుంది. అసలు రాయలేదా... మంచుకి తుప్పు. అందుకని నాకో పద్ధతి ఉండేది. ముందు కిరసనాయిలు తడిపిన గుడ్డతో మసి తీయాలి. కిరసనాయిలు మురికిని వదిలిస్తుంది కానీ ఇనుముకి కాపలా ఉండదు. అందుకే పొడిగుడ్డతో దాన్ని మొత్తం తుడిచేసి, తూటాలు పెట్టడానికి తుపాకీ మడిచే చోట కుట్టుమిషను నూనె ఒక్క చుక్క. గొట్టాల లోపల, రాసీరాయనట్టు ఒక పూత. పిన్నుల దగ్గర మాత్రం ఏమీ ఉండకూడదు. పొడిగా ఉండాలి. గుడ్డ కూడా పాత ఫ్లానెల్ చొక్కాదే. మిల్లులో కాళ్ల కింద అంత దూది ఉన్నా, ఒక్క పోగు గొట్టంలోకి పోనిచ్చేవాణ్ణి కాదు.

కాటా దగ్గర గుమాస్తా వెంకటేశ్వర్లు రోజూ నన్ను చూసి నవ్వేవాడు.

"ఏందయ్యా మస్తానూ, అంత పిసినారితనం? మా ఇంట్లో కొబ్బరినూనె ఉంది. తెచ్చిస్తా, నున్నగా పట్టించు."

"చలికాలం తెల్లారుజామున ఆ సీసా తలకిందులు చేసి చూశావా? చుక్క కారుద్దా?"

"కారదు. ఎండలో పెడతాం."

"మరి దొంగొస్తే, కాసేపాగరా, తుపాకీ ఎండలో పెట్టొస్తా అనమంటావా?"

ఆముదం అన్నవాడు ఇంకొకడు. అది నాలుగు రోజులకి బంకలా సాగుతుంది. మేనేజరు గారైతే ఏకంగా మిషన్ల గదిలోంచి గ్రీజు డబ్బా పంపించారు. నేను తిప్పి పంపాను. పిలిచి అడిగారు.

"లక్షల మిషన్లకి పనికొచ్చే గ్రీజు నీ తుపాకీకి పనికిరాదా?"

"రాదు సార్. అది రాస్తే నూగంతా అతుక్కుని మీ పత్తి బేలు నా తుపాకీలోనే తయారవుద్ది."

ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి నా మీద ఒక కన్ను వేసి ఉంచారు. ఉంచితే ఉంచారు, నాకేం భయం?

ఇక ఆ రాత్రి.

డ్యూటీ ఎక్కే ముందు తుపాకీ విప్పాను. కిరసనాయిలు, పొడిగుడ్డ, ఒక్క చుక్క నూనె. ఖాళీ గొట్టాలు దీపానికి ఎదురుపెట్టి చూశాను. అద్దాల్లా ఉన్నాయి. పిన్నుల దగ్గర వేలితో తడిమాను, పొడి. సుత్తులు లేపి దించాను. టక్... టక్. తర్వాతే రెండు తూటాలు పెట్టాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

రెండో జాము దాటింది. మిషన్లు ఆపేశారు. వెంకటేశ్వర్లు కాటా గదిలో దుప్పటి ముసుగేశాడు. బయట ఆవరణలో పత్తి కుప్ప... రెండు నిలువుల ఎత్తు. వెన్నెల లేదు. అయినా పత్తి కదా, చీకట్లో కూడా బూడిదరంగుగా తెలుస్తూనే ఉంది. మంచు పడుతోంది. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. తర్వాత ఏమీ లేదు.

అప్పుడు వినిపించింది.

టిక్... సర్‌ర్... టిక్... సర్‌ర్...

ఎలుకలనుకున్నాను. ఆగి విన్నాను. కాదు. పొలంలో పుట్టినవాణ్ణి, ఆ చప్పుడు నాకు తెలియకపోవడమేమిటి? ఎండిన కాయలోంచి పత్తి లాగే చప్పుడు అది. కాయ గీరుకునే చప్పుడు. కానీ మా కుప్పలో ఉన్నది ఏరిన పత్తి. వెతికినా ఒక్క కాయ దొరకదు. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. సిగ్గెందుకు, లేచాయి.

టార్చి వేశాను.

కుప్ప పైన... ఒక ఆడమనిషి. నాకు వీపు పెట్టి వంగి ఉంది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, ఒడి కట్టుకుంది. రెండు చేతులతో ఏరుతోంది. ఏరి ఒడిలో వేసుకుంటోంది. తొందర లేదు. టిక్... సర్‌ర్...

"ఎవరది?"

తిరగలేదు.

"ఏమ్మా, నిన్నే. కిందికి దిగు!"

చేతులు ఆగాయి. చప్పుడు ఆగింది. కానీ... చప్పుడు ముందు ఆగింది, చేతులు తర్వాత ఆగాయి. నేను చూశాను.

మెల్లగా నిలబడింది. ఇక్కడ జాగ్రత్తగా వినండి. వదులు పత్తి కుప్ప మీద మనిషి నిలబడలేడు. మోకాళ్ల దాకా దిగబడతాడు. నేను ఎన్నిసార్లు ఎక్కి దిగబడ్డానో లెక్కలేదు. ఆమె పాదాలు నాకు కనిపిస్తున్నాయి. పైనే ఉన్నాయి. గచ్చు మీద నిలబడ్డట్టు.

ఇటు తిరిగింది. తలకి, మొహానికి తువ్వాలు చుట్టుకుని ఉంది. పత్తి ఏరేవాళ్లు ఎండకి చుట్టుకుంటారే... అలా. అర్ధరాత్రి, మంచులో. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఒడిని రెండు చేతులతో ముందుకు చాపింది. తూకానికి పట్టినట్టు. ఒక అడుగు వేసింది. నా వైపు.

"ఆగు! కాలుస్తా!"

ఇంకో అడుగు.

గాలిలోకి పేల్చానని చెప్పుకోవచ్చు. మిలిటరీవాడు ముందు గాలిలోకే పేలుస్తాడు, నాకు నేర్పింది అదే. అబద్ధం నాకు చేతకాదు. టార్చి చంకలో ఇరికించి సుత్తులు లేపాను. గొట్టాలు ఆమె వైపే ఉన్నాయి. నొక్కాను.

టక్.

పేలలేదు.

రెండో ట్రిగ్గర్ నొక్కాను. టక్.

ఆమె అలాగే ఉంది. ఎంతసేపో... ఒడి చాపుకుని అలాగే నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి, కుప్పకి అవతలి వైపు దిగిపోయింది. పరుగున చుట్టు తిరిగి వెళ్లాను. గోడ. ఎవరూ లేరు. గోడ మీద పేర్చిన గాజుపెంకులు కదల్లేదు.

వెంకటేశ్వర్లు లాంతరు పట్టుకుని వచ్చాడు.

"మస్తానూ... ఆడమనిషి కదూ?"

"నువ్వూ చూశావా?"

"కిటికీలోంచి చూశా. రెండుసార్లు టక్కుమంది. ఎందుకు పేల్లేదయ్యా?"

లాంతరు వెలుగులో కుప్ప ఎక్కాను. మోకాళ్ల దాకా దిగబడ్డాను. నా కాళ్ల గుంటలు తప్ప పైన ఒక్క గుంట లేదు. తుపాకీ మడిచి తూటాలు తీశాను. వెనక ఇత్తడి బిళ్లలు చూశాను. పిన్ను తగిలితే చుక్కంత గుంట పడాలి. పడలేదు. రెండూ నున్నగా, అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు ఉన్నాయి. సుత్తులు పడ్డాయి. ఇద్దరం విన్నాం. పిన్ను మాత్రం తాకలేదు.

తెల్లారింది. మేనేజరు గారు పిలిచారు. ముందే తెల్లకాగితం, పెన్ను బల్ల మీద పెట్టుకుని ఉన్నారు.

"చూడు మస్తాన్. తుపాకీ సరిగ్గా శుభ్రం చేసుకోలేదు, అందుకే పేలలేదు అని రాసి సంతకం పెట్టు. ఉద్యోగం ఉంటుంది. ఇకనుంచి మేం ఇచ్చిన గ్రీజు వాడు."

"మీరొకసారి నాతో రండి సార్."

మిల్లు గోడ వెనక, కాయ కోసేసిన మిరపచేను. అటు ఎవరూ లేరని చూసుకుని, ఆ రెండు తూటాలే, అదే తుపాకీలో, నూనె మార్చకుండా, గుడ్డ కూడా తగిలించకుండా పెట్టాను. మట్టిగట్టు వైపు గురిచూసి నొక్కాను. ఢాం. ఢాం. కాకులన్నీ లేచాయి. మేనేజరు గారు చెవులు మూసుకున్నారు.

"అయితే రాత్రి నువ్వు అసలు నొక్కనేలేదు. భయపడ్డావు. పోనీ అదే రాయి."

"నొక్కాను సార్. రెండుసార్లు."

"ఎవరి మీద? ఆడమనిషా, దెయ్యమా? వెంకటేశ్వర్లు ఏమీ చూడలేదంటున్నాడు."

మా వెనకే వచ్చిన వెంకటేశ్వర్లు కేసి చూశాను. తల దించుకున్నాడు. పిల్లలున్నవాడు, వాణ్ణి నేనేమీ అనలేదు. నాకు మాత్రం పిల్లలు లేరా? ఇద్దరూ బడికి పోతున్నారు అప్పుడు. ఆ జీతమే ఇంటికి ఆధారం. ఒక్క అబద్ధం రాస్తే సాయంత్రం మళ్లీ డ్యూటీ ఎక్కొచ్చు. ఆఫీసు గదికి తిరిగొచ్చి కాగితం తీసుకున్నాను. రాశాను. తుపాకీ శుభ్రంగా ఉంది. తూటాలు మంచివి. నేను మనిషి మీదకి రెండుసార్లు ట్రిగ్గర్ నొక్కాను. పేలలేదు. కింద సంతకం పెట్టాను.

ఆయన చదివి బల్ల మీద పడేశారు.

"ఇది రాస్తే నీకే ముప్పు. పిచ్చోడంటారు. చించేసి ఇంకోటి రాయి."

"చించను సార్. పదిహేడేళ్లు తుపాకీ తుడిచాను. నా తప్పు దాని మీద వేయను."

మధ్యాహ్నానికల్లా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, తుపాకీ భుజాన వేసుకుని రోడ్డెక్కాను. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ బియ్యం డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది.

తర్వాత నాలుగైదు చోట్ల కాపలా చేశాను. ఆ కుప్ప మీద ఉన్నది బతికున్న మనిషో, కాదో, నాకు తెలియదు. బతికున్నదైతే దిగబడకుండా ఎలా నిలబడింది? కాకపోతే పత్తితో దానికేం పని? పిన్నుని ఆపింది ఎవరు? తెలియదు. తెలిసినట్టు చెప్పను. మీరు రకరకాలుగా చెబుతారు... మంచు, పాత తూటాలు, నూనె. చెప్పుకోండి.

ఒకటి అడుగుతాను. అది పేలి ఉంటే ఆమె ఏమయ్యేది? ఒక ఒడి పత్తి కోసం. నిప్పురవ్వ కుప్ప మీద పడితే, బీడీ కూడా ముట్టించనివ్వని ఆ మిల్లు ఏమయ్యేది, కాటా గదిలో ఉన్న వెంకటేశ్వర్లు ఏమయ్యేవాడు? నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి, కానీ ఆ చల్లదనం ఆమెను తలచుకుని కాదు.

ఇన్నేళ్లలో ఈ సంగతి ఎంతమందికి చెప్పానో. అందరూ తుపాకీ ఎందుకు పేలలేదనే అడిగారు. నువ్వెందుకు నొక్కావు మస్తానూ అని ఒక్కరూ అడగలేదు... మీరూ అడగలేదు.