బొంబాయి మామ వయసు

త్రినాధరావు బొంబాయి ఎన్నడూ చూడలేదు. అయినా అనకాపల్లి స్టేషను పక్కన అతను చూసుకునే బళ్ల స్టాండులో అందరూ అతన్ని బొంబాయి మామ అనే పిలుస్తారు. ఒకప్పుడు రక్తదాన శిబిరంలో అతనిచ్చిన రక్తాన్ని పరీక్షించి, అది పైకి 'ఓ' పాజిటివ్, 'ఓ' నెగెటివ్ అనే 'ఓ' గ్రూపులా కనిపించే బొంబాయి గ్రూపు అని తేల్చారు. ఆ గ్రూపు వాళ్లకి ఆ గ్రూపు రక్తమే ఎక్కించాలి, మరొకటి ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది.

"పై దేశాల్లో లక్షల్లో ఒకరు దొరకడం కూడా కష్టం. మన దగ్గర పదివేలలో ఒకరుంటారు. తరతరాలుగా మేనరికాలు చేసుకున్న ఇళ్లలో ఇంకాస్త ఎక్కువ" అన్నాడు డాక్టరు.

మేనరికాలకేం, వాళ్లింట్లో అన్నీ అవే. అంతగా అల్లుకున్న చుట్టరికంలో ఇప్పుడు మిగిలింది ఇతనొక్కడే. భార్య పోయింది, పిల్లల్లేరు. రోజూ ఎంతమందో బళ్లు పెట్టి రైలెక్కుతారు, బావున్నావా అనేవాడు ఒక్కడుండడు. అందుకే ఆ గ్రూపు వాళ్లే తన వాళ్లనుకున్నాడు. ఒక్కరికైనా పనికిరావాలని, ఒక్కరినైనా చూడాలని అతని ఆశ. బ్లడ్ బ్యాంకులో నంబరు రాయించి, స్నానానికి వెళ్లినా ఫోను పక్కనే పెట్టుకునేవాడు, పిచ్చిమారాజు!

చివరికి బ్లడ్ బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. బుచ్చయ్యపేట అమ్మాయి కుమారికి కాన్పులో రక్తం చాలా పోయింది. ఆమెదీ ఇదే గ్రూపు. స్టాండు వదిలేసి పరిగెత్తాడు.

వేలికి సూది గుచ్చి చూసి, రక్తం బాగానే ఉందన్నారు. తర్వాత నర్సు ఆధార్ కార్డు చూసింది.

"అరవై ఆరున్నాయి కదా బాబాయ్! అరవై ఐదు దాటితే తీసుకోకూడదు."

"అది ఉత్తదమ్మా! పింఛను బేగి వత్తాదని ఎనిమిదేళ్లు ఎక్కువ రాయించేను. నాకు యాభై ఎనిమిదే."

"పింఛనుకి ముసలాడివి, రక్తానికి కుర్రాడివీనా? నేను కార్డునే నమ్మాలి."

ఊళ్లో చాలామంది చేసిన పనే అది. తవ్వుకున్న గోతిలో పడింది మాత్రం ఇతనొక్కడే.

విశాఖ నుంచి ఎవరిదో రక్తం తెప్పించేదాకా అతను వరండాలోనే కూర్చున్నాడు. కుమారి గట్టెక్కింది. ఆమె తల్లి మరిడమ్మ బయటికొచ్చి అతన్ని చూసింది.

"మీరెవరి తాలూకండి?"

"ఎవరి తాలూకూ కాదమ్మా" అన్నాడు. భార్య పోయినప్పుడు కూడా అతనికి అంత ఏడుపు రాలేదు.

ఒకటో తారీఖున వార్డు సచివాలయం నుంచి పింఛను పట్టుకొచ్చిన తహ్మీనా, మెషీను మీద వేలు పెట్టమంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కార్డులో నా వయసు సరి సేయించాలంటే ఎక్కడికెల్లాలమ్మా?"

"వయసు తగ్గితే పింఛను ఆగిపోతాది మామా!"

"ఆగిపోనీ. మళ్లీ ఫోనొత్తే ఏటి సేత్తాను?"