వెనక నిలబడితే కొట్టేసే పిల్ల

కరోనా సెలవులు ముగిసి బడులు మళ్ళీ పూర్తిగా తెరిచిన ఏడాది, ఆగస్టులో నన్ను ఆదోని పట్టణంలోని హైస్కూలు నుంచి నందవరం మండలంలోని ఒక పల్లె హైస్కూలుకు సర్దుబాటు మీద పంపారు. సర్దుబాటు అంటే బదిలీ కాదు. జీతం పాత బడిలోనే, పని మాత్రం కొత్త బడిలో. లెక్కల టీచరు లేని చోటికి, ఉన్న చోటు నుంచి ఒకరిని లాగి పంపడమన్నమాట. నా హోదా స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్లో ఒక సబ్జెక్టుకు పూర్తి బాధ్యురాలైన టీచరు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషిని రోజూ బస్సులో ఎమ్మిగనూరు దాకా, అక్కణ్ణుంచి ఆటోలో పల్లె దాకా పోయి రమ్మనడం మీద నాకు కోపంగానే ఉండింది. అయినా పోయాను.

కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడం నాకు చేతకాదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అంతే. బోర్డు మీద ఒక మెట్టు రాయడం, వరసల మధ్య చివరి బెంచీ దాకా పోవడం, కిటికీల పక్క నుంచి మళ్ళీ బోర్డు దగ్గరికి రావడం. ఇంట్లో కూడా అన్నం కంచం చేతిలో పెట్టుకుని తిరుగుతానని మా ఆయన ఎగతాళి చేసేవాడు. ఆదోనిలో టీచర్లకు శిక్షణ జరిగినప్పుడు తరగతి గదిలో ఎలా తిరగాలో చెప్పడానికి నన్నే పిలిచేవారు. టీచరు బోర్డును అంటుకుని ఉంటే ముందు రెండు బెంచీలే తరగతి అవుతాయి, వెనక బెంచీలు వేరే ఊరవుతాయి అని చెప్పేదాన్ని. చిక్కుకున్న పిల్లల దగ్గర వంగి ఒక మాట అందించాలి. చక్కగా చేస్తున్నవాళ్ళను కదిలించకూడదు. అలాంటివాళ్ళ వెనక నేను చప్పుడు చేయకుండా ఆగి, లెక్క పూర్తయ్యేదాకా చూసేదాన్ని. నిజం చెప్పాలంటే అది నా సంతోషం కోసం కూడా.

ఆ బడిలో పదో తరగతి కిటికీ వరసలో ఈరమ్మ అనే అమ్మాయి కూర్చునేది. ఉరుకుంద ఈరన్న స్వామి పేరు పెట్టిన పిల్లలు ఆ ప్రాంతంలో ఇంటికొకరు ఉంటారు. వాళ్ళ నాన్న హనుమంతు కూలి మనిషి. కరోనాలో బడులు మూసిన రోజుల్లో ఈరమ్మ అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయి వచ్చింది. ఆదోని వైపు దాన్ని సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం. మన దగ్గర ఆ మాటకు ఊరు వదిలిపోవడమనే అర్థం వచ్చేసింది.

ఈరమ్మ ఇంటి నుంచి చేసుకొచ్చే లెక్కలు తప్పు లేకుండా ఉండేవి. తరగతిలో పెట్టే స్లిప్ టెస్టులో మాత్రం సున్నాకు దగ్గరగా వచ్చేది. స్లిప్ టెస్టు అంటే ఒక పాఠం అయిపోగానే పెట్టే చిన్న పరీక్ష. రాయకపోవడం కాదు, రాసి కొట్టేసేది. సగం లెక్క నడిచాక అడ్డంగా గీత గీసి, మళ్ళీ మొదటి నుంచి వేరే దారిలో మొదలుపెట్టి, దాన్నీ కొట్టేసేది. ఇంటి లెక్కలు ఎవరి దగ్గరో చూసి రాస్తోందని నాకు అనుమానం వచ్చింది. అడిగితే తల వంచుకుని నిలబడింది. నాకు విసుగొచ్చి కూర్చోమన్నాను.

డిసెంబరులో హనుమంతు బడికి వచ్చాడు. తువ్వాలు చేతిలో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడమ్, ఉండేదుండట్ల సెప్పండి. పాప పాసైతాదా? అయ్యేదుంటే మా యమ్మకాడ ఇడ్సిపెట్టి పోతాం. లేకుంటే తోడుకోని పోతాం. అమాస దాటినాక సుగ్గికి లారీ పోతాది" అన్నాడు.

అమావాస్యలోపు చెబుతానని పంపేశాను. పిల్ల సుగ్గికి పోతే మార్చి నెల చివరికి గాని రాదు. అంటే పదో తరగతి అక్కడితో ఆగినట్టే. ఉంచమని నేను చెప్పి, ఆమె ఫెయిలైతే ఆ ఇంటికి ఒక సీజను కూలి పోతుంది. పైగా ఆమె చెల్లెలు ఎనిమిదో తరగతిలో ఉంది. వచ్చే ఏడాది ఆ పిల్ల సంగతి అడగడానికి కూడా హనుమంతు బడి మెట్టు ఎక్కడు. హెడ్మాస్టరు గారితో చెబితే, మాట ఇవ్వొద్దు మేడమ్, రేపు తేడా వస్తే మన మెడకు చుట్టుకుంటుంది అన్నారు. ఆయన చెప్పింది తప్పని అనలేను.

ఆ రోజుల్లో నాకు ఒక చోట నిలవబుద్ధి కాలేదు. దాదాపు రోజూ స్లిప్ టెస్టు పెట్టాను. మిగతా వరసలు వదిలి కిటికీ వరస చుట్టూనే తిరిగాను. ఈరమ్మ లెక్క సరైన దారిలో పడిందని కనిపించగానే, హమ్మయ్య అనుకుని వెనక ఆగేదాన్ని. ఆగిన కాసేపటికే ఆమె పెన్ను అడ్డంగా గీత గీసేది. వద్దు అనబోయి, పరీక్షలో మాట్లాడకూడదని నోరు మూసుకునేదాన్ని. సాయంత్రం ఆటోలో కూర్చుంటే కాళ్ళు ఊరికే ఆడుతుండేవి.

అమావాస్యకు కొంచెం ముందు, ఎమ్మిగనూరు బస్టాండులో బస్సు దిగుతుంటే నా కాలు బెణికింది. సెలవు పెట్టే వీలు లేదు. కట్టు కట్టించుకుని బడికి పోయి, నా సర్వీసులో ఎప్పుడూ లేనిది, కుర్చీలో కూర్చుని స్లిప్ టెస్టు పెట్టాను. పీరియడ్ అయ్యేదాకా నేను లేవలేదు. పేపర్లు తీసుకుని చూస్తే ఈరమ్మ పేపరులో ఒక్క గీత లేదు. అన్నీ చేసింది. ఒక్క చోట మైనస్ గుర్తు మరిచిపోయింది, అంతే.

నాకు సంతోషం కంటే ముందు అనుమానమే వచ్చింది. పక్క పిల్లల పేపర్లు చూశాను. వాళ్ళవి తప్పులు. ఈరమ్మను పిలిచి, ఈరోజు ఎలా చేశావని అడిగాను.

"ఈ పొద్దు మీరు కూసున్నారు కదా మేడమ్" అంది.

కూర్చుంటే ఏమిటని అడిగాను. గట్టిగా అడిగితే మెల్లగా చెప్పింది.

"సుగ్గికాడ మేము సాలు పట్టుకోని కాయలు కోస్తా పోతే, కూలోళ్ళ మేస్త్రీ ఎనకాల వస్తాంటాడు. ఊరికే పోతే ఏం ల్యా. మన ఎనకాల నిలబడినాడంటే సెట్లో పండుకాయలు ఇడ్సినామని. నోరు తెరిసి సెప్పడు. మనమే ఎనక్కి పోయి మళ్ళా కోయల్ల. మీరు నిలబడితే నాది తప్పు పోయింటాదని కొట్టేసినా."

సరిగ్గా చేసిన ప్రతిసారీ నేను ఆగాను. ఆగిన ప్రతిసారీ ఆమె కొట్టేసింది. శిక్షణలో అన్ని సంవత్సరాలు చెప్పిన పాఠంలో ఈ సంగతి నాకు తట్టే అవకాశమే లేదు. నేను ఏ మిరప సాలులోనూ వంగి కాయ కోసినదాన్ని కాను.

మరునాడు హనుమంతుకు కబురు పెట్టాను. పాసవుతుంది, వదిలిపెట్టి పొండి అన్నాను. అతను నా ముఖం వైపు చూసి, "మీరు పూచీనా మేడమ్?" అన్నాడు. పూచీనే అన్నాను. అన్నాక భయమేసింది. పక్కనున్న హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అమావాస్య దాటాక లారీ పోయింది. ఈరమ్మ అవ్వ దగ్గర ఉండిపోయింది.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. నేను కూర్చోవడం నేర్చుకోవచ్చు. కానీ పబ్లిక్ పరీక్షలో ఇన్విజిలేటరు, అంటే గదిలో కాపలా ఉండే టీచరు, కూర్చోకూడదు. పేపరు ఇచ్చింది మొదలు తీసుకునేదాకా తిరుగుతూ ఉండడమే అతని పని. తిరిగేవాడు ఎక్కడో ఒక చోట ఆగుతాడు. ఈరమ్మ వెనక ఆగితే?

కాలు నయం కాగానే మళ్ళీ తిరగడం మొదలుపెట్టాను. నేను ఆగితే నువ్వు చేసేది సరిగ్గా ఉందని అర్థం అని ఈరమ్మతో చెప్పాను. తల ఊపింది గాని చేయి వినలేదు. గీత పడుతూనే ఉంది. అందుకని ఆగినప్పుడల్లా "ముందుకు పో" అని పైకి అనడం మొదలుపెట్టాను. ఆమెకే కాదు, తరగతిలో ఎవరి వెనక ఆగినా ఎందుకు ఆగానో రెండు మాటల్లో చెప్పాను. గుర్తు చూసుకో, బాగుంది, ఇంకో మెట్టు ఉంది, ఇలా. కొన్నాళ్ళకు ఈరమ్మ గీతలు తగ్గాయి. అప్పుడు ఆ మాట మానేసి ఊరికే నిలబడి చూశాను. మళ్ళీ ఒకటి కొట్టేసింది. మళ్ళీ మొదటికి వచ్చాం. హెడ్మాస్టరు గారి చెప్పులు కిర్రుమంటాయి. వేరే మనిషి మాట లేకుండా వెనక ఆగినా ఆమెకు అలవాటు కావాలని, ఆయన్నే బతిమాలి ఆమె వెనక నిలబెట్టాను. దగ్గమంటే దగ్గారు కూడా. ఏం పని పెట్టినావమ్మా నాకు అని నవ్వారు గాని, వారానికి రెండు రోజులైనా వచ్చి నిలబడేవారు.

పరీక్షల్లో నాకు ఆదోనిలో డ్యూటీ పడింది. లెక్కల పరీక్ష నాడు లెక్కల టీచర్లకు డ్యూటీ వేయరు. ఆ రోజు ఎమ్మిగనూరు బస్సెక్కి, పిల్లలు రాసే సెంటరు వీధి చివర టీ కొట్టు దగ్గర ఆగాను. గేటు దగ్గరికి ఎవరినీ రానివ్వరు. ఎండ మండిపోతోంది. కొట్టాయన బెంచీ చూపించి కూర్చోమ్మా అని రెండుసార్లు చెప్పాడు. నేను ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాను. పిల్లను ఆపింది నేను. పూచీ నాది.

గంట కొట్టాక పిల్లలు బయటికి వచ్చారు. ఈరమ్మ అట్ట చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఎలా రాశావని అడగలేదు. ఎవరైనా వెనక నిలబడ్డారా అని అడిగాను.

"ఒక సారు శానాసేపు నిలబడినాడు మేడమ్."

కొట్టేశావా అన్నాను.

"ల్యా. ఆయప్ప నీడ పేపరు మింద పడతాంటే, కొంచెం జరగండి సార్, ఎలుతురు రాల్యా అని సెప్పినా. జరిగినాడు."

ఈరమ్మ లెక్కల్లో పాసయింది. ఆ తరువాతి ఏడాది నేను రిటైరయ్యాను. ఇప్పటికీ శిక్షణలకు ఎప్పుడైనా పిలిస్తే పోతాను. తరగతిలో తిరగమనే చెబుతాను, ఆ మాట మార్చుకోలేదు. దానికి ఒకటి చేర్చాను. మన నడకకు అర్థం మనం పెట్టుకున్నది కాదు, పిల్లలు ఇంతకుముందు ఎవరి నడక చూశారో ఆ అర్థమే వాళ్ళకు తెలుస్తుంది. అందుకని, ఆగిన చోట నోరు విప్పి ఎందుకు ఆగారో చెప్పండి.