నీటి చార కింద లకుముకి గూడు

నా చిన్నప్పటి ఒక జూన్ నెల. రోహిణి కార్తె ఇంకా వెళ్ళలేదు. బుధవారం సాయంత్రం. కాలువలో ఉన్నవాళ్ళు: మా అమ్మమ్మ, మా పెద్దమావయ్య, నేను, లకుముకి పిట్టలు రెండు. గూట్లో పిల్లలు ఎన్నో తెలియదు.

ఏది రాసినా మొదట అది ఏ రోజో, ఆ తర్వాత అక్కడున్నవాళ్ళు ఎవరో రాయడం నాకు అలవాటు. ఉద్యోగం నుంచి రిటైరై ఇన్నేళ్ళయినా అది పోలేదు. ఆ వయసులో నాకింకా డైరీ లేదు. ఆ సాయంత్రానికి మాత్రం డైరీ అవసరం కూడా లేకపోయింది.

మా అమ్మమ్మగారి ఊరు పెనుగొండకు దగ్గర. ఊరిని ఆనుకుని పంట కాలువ. మరమ్మతుల కోసం ఏటా వేసవిలో కాలువలు కట్టేసేవారు. నీరంతా లాగేశాక కాలువ అడుగు కొన్ని వారాలపాటు మాకు నడిచే దారి అయ్యేది. అందులో ఆల్చిప్పలు, నత్తగుల్లలు, అక్కడక్కడా మడుగులు, మడుగుల్లో మట్టగిడసలు, వాటి కోసం కాచుకున్న కొంగలు. నిన్నటిదాకా నీళ్ళున్న చోట కాళ్ళు పెట్టి నడవడం నాకు ఎంతో గొప్పగా ఉండేది.

మా అమ్మమ్మ రోజూ పొద్దు వాలాక నన్ను తీసుకుని కాలువలోకి దిగేది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, గట్టు దిగడానికి నా భుజం పట్టుకునేది. దారిలో ఎక్కువ మాట్లాడేది కాదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక మాత్రం, “ఇవాళ ఏం చూశావే?” అని అడిగేది. పొన్నగంటి ఆకు చూశానంటే, పువ్వుందా లేదా అనేది. కొంగను చూశానంటే, దాని ముక్కు ఏ రంగని అడిగేది. చెప్పలేకపోతే కోప్పడేది కాదు. “అయితే రేపు చూద్దాంలే” అనేది. ఆ ‘రేపు’ కోసం నేను మర్నాడు కళ్ళు చించుకుని చూసేదాన్ని.

అలా ఒకరోజు గట్టు లోపలి వాలులో కన్నం ఒకటి నా కంట పడింది. గుండ్రంగా, పెద్దవాళ్ళ చెయ్యి పట్టేంత. దాని కింద మట్టి మీద సున్నం కారినట్టు తెల్లటి చారలు. చూస్తుండగానే నీలం రెక్కల పిట్ట ఒకటి బాణంలా వచ్చి అందులోకి దూరింది. ఎర్రటి పెద్ద ముక్కు, తెల్లటి గొంతు. లకుముకి. లోపల్నుంచి చిన్న చిన్న గొంతులు గరగరమన్నాయి. నేను ఎగిరి గంతేశాను. అమ్మమ్మ గంతేయలేదు. చేత్తో గట్టు మీద ఒక గీత చూపించింది. కాలువ నిండుగా పారే రోజుల్లో నీళ్ళు నిలిచి మట్టిమీద నల్లగా పడ్డ చార అది. కన్నం ఆ చారకు జానెడు కింద ఉంది.

“కాలువని తెలీదు కదే దీనికి. ఎండిన గట్టనుకుంది” అంది అమ్మమ్మ.

ఆ రోజు నుంచి మా నడకంతా ఆ కన్నం దాకానే. నీళ్ళు వదిలేలోపు పిల్లలకు రెక్కలు రావాలి. మామూలుగా అయితే వచ్చేవే. మిడత, తొండపిల్ల, మడుగులో ఎండ్రకాయ, ఏది తెచ్చినా ముందు చెట్టుకొమ్మకు కొట్టి చంపి, ఆ తర్వాత కన్నంలోకి తీసుకువెళ్ళేవి ఆ రెండు పిట్టలూ. గరగరలు రోజురోజుకీ పెద్దవవుతుంటే నేను సంతోషపడేదాన్ని. ఊళ్ళో అందరూ ఆకాశంకేసి, కాలువకేసి చూస్తూ నీళ్ళు ఇంకా రాలేదని విసుక్కుంటుంటే, నేనొక్కదాన్నే రావొద్దని దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఆ బుధవారం మావయ్య తణుకు నుంచి సైకిలు మీద వస్తూ గట్టు మీద ఆగాడు. మొహం వెలిగిపోతోంది.

“అమ్మా, ఈ ఏడు ముందే వదిలేశారంట! ధవళేశ్వరంలో తలుపులెత్తేశారు. రేపు పొద్దుటికి మనకొచ్చేస్తాయి నీళ్ళు!”

నాకు ఏడుపు ఆగలేదు. విషయమేంటో అమ్మమ్మ చెబితే మావయ్య ముందు నవ్వాడు.

“ఏవే కోడలా, గోదారికి కబురెట్టమంటావా? మా పిట్టలింకా ఎగరలేదు, నాలుగు రోజులాగి రమ్మని?”

నవ్వినా, సైకిలు గట్టు మీద పడేసి కిందకు దిగాడు. భుజం దాకా కన్నంలో చెయ్యి పెట్టి చూశాడు. గూడు ఇంకా లోపలికి ఉంది, అందలేదు. తవ్వుదామంటే పైనంతా ఇసక మట్టి, కూలితే లోపలే సమాధి. ఒకవేళ తీసినా వాటి నోట్లో ఏం పెట్టాలో, ఎలా పెట్టాలో మాకెవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు ఉన్నారా అంటే, ఊళ్ళో ఆ సాయంత్రం అందరి చేతుల్లోనూ పారలే. అందరూ చేలకు నీళ్ళు పారే బోదెలు బాగు చేసుకుంటున్నారు.

మావయ్య కూడా పార తెచ్చాడు. వరినారు పోసే తన ఆకుమడికి గట్టు వేయాల్సిన పారతో మడుగులోంచి బంకమట్టి తెచ్చి, కన్నం చుట్టూ సగం చంద్రుడిలా చిన్న గట్టు వేశాడు. నీటి చార కన్నా కాస్త పైకే లేపి, అరచేత్తో నున్నగా మెత్తాడు. పిట్ట రాకపోకలకు పైన దారి వదిలాడు. పక్క చేను రైతు ఒకాయన అటువైపు వెళ్తూ నిలబడిపోయాడు.

“ఏంటండీ, పిట్టకి గట్టేస్తున్నారా? మీ ఆకుమడి గట్టు తెగే ఉంది కదండీ!”

“మీ ఇంట్లో మేనకోడలు ఏడిస్తే తెలుస్తుందండీ మీకు” అన్నాడు మావయ్య, తలెత్తకుండా.

నాకు ధైర్యం వచ్చేసింది. ఆడపిట్టో మగపిట్టో తెలియదు, ఒకటి వచ్చి కొత్త గట్టు మీద కూర్చుని అటూఇటూ చూసి, లోపలికి దూరింది కూడా. చప్పట్లు కొట్టాను. మావయ్య చేతులు కడుక్కుంటూ అమ్మమ్మకేసి చూశాడు. పచ్చిగట్టు పారే నీళ్ళకు ఆగదని వరి పండించేవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ చూపు నాకు అర్థమైంది.

“రేపు నేను రాను. నేను చూడలేను” అన్నాను దారిలో.

అమ్మమ్మ గట్టెక్కడానికి నా భుజం పట్టుకుని, అక్కడే ఆగింది.

“ఎవరింట్లోనన్నా కష్టం జరిగితే నేను వెళ్తానా, లేదా? వెళ్ళి ఏం చేస్తానే? ఏం చెయ్యను. పక్కన కూర్చుంటాను. ఊళ్ళో వీటి ఇల్లు తెలిసింది మనకే కదమ్మడూ. మనం కూడా వెళ్ళకపోతే ఎలా?”

ఆ మాటకు నాకు అప్పుడు ఊరట కలగలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ అందులో ఊరటేమీ లేదు. ఈ మధ్యే మా కాలువకు రెండు వైపులా సిమెంటు లైనింగ్ వేశారు. నీరు ఇంకిపోకుండా చివరి చేల దాకా వెళ్తుంది, మంచి పనే, కాదనను. కాని వేసవిలో కాలువ కట్టేసినప్పుడు లకుముకులు కరెంటు తీగ మీద కూర్చుని ఆ నున్నటి గోడకేసి చూస్తుంటాయి. ఒకటి రెండు సార్లు ముక్కుతో పొడిచి చూడటం కూడా చూశాను. వరిచేలు చేపల చెరువులయ్యాయి. ఆ గట్ల మీద వాలితే టపాకాయలు పేల్చి తోలేస్తారు. చేపలు పెంచేవాళ్ళకూ అప్పులుంటాయి, వాళ్ళను తిట్టలేను. ఎవరికి చెప్పాలో, చెప్పి ఏం చేయించాలో ఇన్నేళ్ళు ఉద్యోగం చేసిన నాకు తెలియడం లేదు. పొద్దున్నే చెప్పులేసుకుని మాత్రం వెళ్తాను. తీగ మీద ఎన్ని ఉన్నాయో, ఏ గుంటలో తుంగ మిగిలిందో, గలిజేరు పూసిందో లేదో చూస్తాను. సాయంత్రం రాస్తాను. అడిగే మనిషి లేకపోయినా, ఎవరో కాళ్ళు కడుక్కుని వచ్చి అడిగినట్టే ఉంటుంది.

ఆ మర్నాడు, గురువారం పొద్దున్న మేము వెళ్ళేసరికి ఊరు ఊరంతా కాలువ గట్టు మీదే ఉంది. ఎర్రటి కొత్త నీరు, ముందు నురుగు, నురుగులో ఎండుటాకులు, పుల్లలు, కొబ్బరి పీచు. ఆడవాళ్ళు పసుపు కుంకుమలు వేసి గోదారమ్మకు దణ్ణాలు పెడుతున్నారు. అమ్మమ్మ కూడా పసుపు వేసింది, కొబ్బరికాయ కొట్టింది, నీళ్ళు కళ్ళకద్దుకుంది. ఆవిడ మీద నాకు చాలా కోపం వచ్చింది. ఆ నీళ్ళకే దణ్ణమా అనుకున్నాను. దణ్ణం పెట్టిన చేత్తోనే నా భుజం పట్టుకుని, గట్టు వెంట నడిపించుకుంటూ గూడు దగ్గరకు తీసుకువెళ్ళింది.

అక్కడ మావయ్య ముందే ఉన్నాడు, పార భుజాన వేసుకుని. ఆకుమడికి నీరు పెట్టుకోవాల్సిన వేళ అది. మమ్మల్ని చూసి ఏ హాస్యమూ ఆడలేదు. బంకమట్టి గట్టు ఇంకా నిలిచే ఉంది. చుట్టూ నీళ్ళు, మధ్యలో అరచేతి వెడల్పు పొడి నేల, ఆ వెనక నల్లటి కన్నం. నీరు మెల్లగా లేస్తోంది. గట్టు అంచు ముందు మెత్తబడింది, తర్వాత ఒక పక్క జారింది. చప్పుడు కూడా కాలేదు. కన్నం ఉన్న చోట నాలుగు బుడగలు వచ్చాయి. ఆ తర్వాత అన్ని చోట్లా ఉన్నట్టే అక్కడా నీళ్ళు.

అప్పుడు వచ్చింది లకుముకి, మిడత పట్టుకుని. కన్నం ఉన్న చోటికి తిన్నగా వచ్చి, నీటిని తాకబోయి పైకి లేచింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ లేచింది. చివరకు ఎదుటి గట్టున తుమ్మకొమ్మ మీద వాలింది. మిడతను మింగలేదు, వదలలేదు. మావయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకుని, “వస్తానమ్మా” అని చేనికేసి వెళ్ళిపోయాడు. అమ్మమ్మ మోకాళ్ళు పట్టుకుని ఆ తడి గట్టు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. అవతల డప్పులు వాయిస్తున్నారు. చాలాసేపటికి పిట్ట అక్కడినుంచి ఎగిరి, చేల మీదుగా వెళ్ళిపోయింది. అది కనపడకుండా పోయాకే అమ్మమ్మ లేచింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాం. పసుపు ఇంకా ఆవిడ గోళ్ళలో ఉంది. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, రోజూ అడిగినట్టే అడిగింది.

“ఇవాళ ఏం చూశావే?”

బుడగల దగ్గర మొదలుపెట్టాను. మిడత దగ్గరకొచ్చేసరికి ఏడ్చేశాను. అమ్మమ్మ తొందరపెట్టలేదు, ఊరుకోమనలేదు. నేను కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, మెల్లగా అడిగింది.

“ఏ రంగు మిడతే?”

ఆకుపచ్చది.