ట్రే మీద నొక్కిన వేలు

చిప్‌లు పరీక్షించే ఫ్యాక్టరీలో అతను మెషిన్ సెట్టర్. ట్రే ఎక్కడుందో, చిప్ మీది చుక్క ఏ మూలకు ఉండాలో మెషిన్‌కి నేర్పడం అతని పని. ఆ వేళ ఒక ట్రే మధ్యలో కాస్త ఉబ్బి ఉంది. దాన్ని పక్కన పెట్టే ఓపిక లేక, వేలితో అదిమిపట్టి మెషిన్‌కి ఎత్తు నేర్పేశాడు. వేలు తీయగానే ట్రే మళ్లీ ఉబ్బింది. మెషిన్ మాత్రం నేర్చుకున్న ఎత్తుకే దిగి చిప్‌ల అంచులు పగలగొట్టింది.

నింద ట్రేలు పెట్టే ఆవిడ మీద పడింది. ఆవిడను అందరూ పిన్ని అంటారు.

“ట్రేలు విసిరేస్తున్నట్టున్నావు. రేపటి నుంచి ప్యాకింగ్‌కి పో” అన్నాడు సూపర్‌వైజరు.

“నా చేతులే మొరటువేమోనండీ” అంది పిన్ని.

కారణం అప్పటికే గ్రహించినా అతను తల వంచుకుని మెషిన్ తుడుస్తూ ఉండిపోయాడు. మధ్యాహ్నం పిన్ని ఎప్పటిలాగే తన డబ్బాలోని అన్నం సగం అతని డబ్బా మూతలో పెట్టింది.

“ముఖం పీక్కుపోయింది. ముందు తిను నాయనా.”

కలిపిన ముద్దను మళ్లీ మూతలోనే పెట్టేశాడు. ఈ అన్నం తిని దేవుడికి ఏ ముఖంతో దణ్ణం పెట్టగలడు? లేచి వెళ్లి జరిగిందంతా సూపర్‌వైజరుకు చెప్పేశాడు.

“పొద్దున్నుంచీ బెల్లం కొట్టిన రాయిలా ఉన్నావేం? పద, మళ్లీ సెట్ చెయ్యి. పిన్నిని ఎక్కడికీ పంపనులే.”

సంగతి తెలిసి పిన్ని వచ్చి మెషిన్ పక్కన నిలబడింది. అతను తలెత్తలేదు.

“తప్పయింది పిన్నీ.”

“సర్లే. ఈసారి బళ్లో పిల్లాడిలా చేతులు కట్టుకుని చెయ్యి.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాలుగు తిట్టినా బాగుండేదనుకున్నాడు అతను.