నా పేరు పెట్టి నేను చేసిన ప్రార్థన

పాస్టరయ్యకు, సంఘ పెద్దలకు, పిల్లలనెత్తుకొని వెనుక కూసున్న అక్కచెల్లెండ్లకు అందరికి ప్రభువు నామంల వందనాలు. నా పేరు సువార్తమ్మ. మాది మర్రిగూడ మండలం, మా ఊరి సర్కారు బడిల పిల్లలకు పగటన్నం వండుత. సాక్ష్యం చెప్పమని పాస్టరమ్మ అడిగితే, నాకేం పెద్ద అద్భుతం జరగలేదు కదమ్మా అన్న, జరిగింది జరిగినట్టు చెప్పు చాలు అన్నది, అందుకని ఎక్కువ చెయ్యకుంట, తక్కువ చెయ్యకుంట చెప్త, వినున్రి.

సహోదరులారా, నా కష్టం నా నడుముల మొదలైంది. మన దిక్కు ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి పెరిగినోళ్ల సంగతి మీకు ఎరుకే, చిన్నప్పుడు పండ్లు గార పడతయి, పెద్దగైనంక ఎముకలు బిర్రుగైతయి. మా అమ్మకు గట్లనే అయ్యింది. నాకు తెలివొచ్చేనాటికే ఆమె నడుము వంగిపోయి ఉండె, ఎవరన్నా పిలిస్తే తల లేపరాక పెయ్యంత తిప్పి చూసేది, ఆఖరికి మంచం మీద కూడ సక్కగ పండరాక ఒక పక్కకు ముడుసుకొని పండేది, నేను గా మంచం పక్కనే పెరిగిన. ఇప్పుడు మా ఊరికి కృష్ణ నీళ్లు వస్తున్నయి, మా పిల్లల పండ్లు తెల్లగున్నయి, దేవునికి స్తోత్రం, కని నా ఎముకలు పాత నీళ్లయి.

నలభై దాటినంక పొద్దున లేసేసరికి నడుము కట్టె లెక్క అయ్యేది, గోడ పట్టుకొని లేసి, వాకిలి దాక నడిస్తే గని జర సదురుకునేది కాదు, తర్వాత మోకాళ్లు పట్టుకున్నయి, మెడ పట్టుకున్నది. గోలీలు తిన్న, సూదులు వేయించుకున్న, తైలాలు రాసిన. నల్లగొండ దవాఖానకు పోతే డాక్టరు ఫొటోలు తీసి చూసి, ఎముకలల్ల మార్పు ఉంది గని మీ అమ్మకు అయినంత లేదు, కసరత్తులు చూపిస్త రోజు చెయ్యి, ఇంకొకటి, నువ్వు చాన రంది పెట్టుకుంటున్నట్టున్నవ్, రందితోని కండరాలు బిగుసుకుంటయి, నొప్పి ఇంకింత ఎక్కువైతది, మనసు నెమ్మదిగ ఉంచుకోమ్మా అన్నడు. ఆయన మంచిగనే చెప్పిండు. నాకు మాత్రం నీ నొప్పి ఉత్తదే అన్నట్టు వినపడ్డది. కోపంతోని బస్సెక్కి ఇంటికొచ్చిన, చూపించిన కసరత్తులు ఒక్కనాడు చెయ్యలేదు.

ఇగ అసలు సంగతి చెప్త. నొప్పి ఒక దిక్కు తింటుంటే, నా లోపలి మాట ఇంకో దిక్కు తినేది. బయటికి ఎవ్వరికి వినపడేది కాదు. బడిల నాతోని వండే ఆమె యాదమ్మ అని ఉన్నది, నాకంటె చిన్నది, పొయ్యి మీది పెద్ద గంజులు ఆమెనే దించేది. ఆమె గంజు దించినప్పుడల్ల నా లోపల, సూడు, నీకు చాతగాదు, యాదమ్మ కష్టం మీద బతుకుతున్నవ్, ఆమె మనసుల ఎంత తిట్టుకుంటుందో, దండుగ మనిషివి అని మాట నడిచేది. అద్దం ముందట దువ్వుకుంటే, అయిపోయింది, మీ అమ్మ లెక్కనే వంగుతున్నవ్, రేపో మాపో మంచమే అనేది. కూర జర మాడినా నన్నే, పిల్లకు జరమొచ్చినా నన్నే, వాన పడక పత్తి ఎండినా నన్నే తిట్టేది. సువార్త అంటె మంచి కబురు, గంత మంచి పేరు పెట్టుకొని నాకు నేను ఎన్నడు ఒక మంచి కబురు చెప్పుకోలే.

ఇందుల తప్పేందో అప్పుడు నాకు తెల్వదు. ఎందుకంటె ఆ గొంతు దేవునిదే అనుకున్న. దేవుడు నన్ను గద్దిస్తున్నడు, నేను తగ్గించుకోవాలె, నన్ను నేను ఎంత తక్కువ చేసుకుంటే అంత భక్తి అనుకున్న. ఆ మాట నడిచినప్పుడల్ల నా పండ్లు బిగుసుకునేటియి, భుజాలు చెవుల దాక లేసేటియి, నడుముల గుంజుడు ఇంకింత ఎక్కువయ్యేది, కని ఆ రెండు ఒక్క తాడుకే కట్టి ఉన్నయని నాకు సోయి లేదు.

ఒకనాడు యాదమ్మ బియ్యం కడుగుతుంటే, ఆమెను పిలవొద్దని నేనే పప్పు గంజు దించబోయిన, నడుముల పట్టుకున్నది, గంజు జారి పప్పంత నేలపాలైంది. దేవుని దయతోని పిల్లలు దూరంగ ఉన్నరు. యాదమ్మ ఉరికొచ్చి నా కాళ్లు చూసి, "కాలలేదు గదా అక్కా? పప్పు పోతే పోయింది, తియ్యి" అన్నది, ఎంబడే చింతపండు నానేసి, ఉల్లిగడ్డలు కోసి పచ్చిపులుసు చేసింది, పిల్లలు మంచిగ తిని పోయిండ్రు. పెద్దసారు కూడ కాళ్లు మంచిగున్నయా అని అడిగిండు తప్ప ఒక్క మాట అనలే. వాళ్లందరు అనని మాటలు నేను అనుకున్న. ఇంటికి పోయేదాక అనుకున్న, పోయినంక అనుకున్న. తెల్లారి లేవబోతే పెయ్యి లేవలే. ఏ పక్కకు తిరిగినా ప్రాణం పోయినట్టయ్యింది.

మా ఆయన దానియేలు కాపడం పెట్టుకుంట కూసున్నడు. నేను ఆయనతోని, "బడికి పోయి చెప్పిరా, ఇగ నేను రానని. నా పని అయిపోయింది, మా అమ్మ లెక్క నన్ను గీ మంచం మీద ఇడిసిపెట్టు" అన్న. ఆయన కాపడం గుడ్డ మల్ల వేడి చేసి తెచ్చిండు. తర్వాత, "చెప్పమంటే చెప్త. కని ఆదివారం దాక ఆగుదాం" అన్నడు. ఆదివారమొస్తే ఏమైతదో ఆయనకు తెల్వదు, నాకు తెల్వదు, ఉత్తగ అన్న మాట అది, కని ఆ మాటల దేవుడు ఉన్నడని ఇప్పుడు అనిపిస్తది.

ఆదివారం ఆయన బండి మీద మెల్లగ తోలుకొచ్చిండు. అందరు గొంతెత్తి ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకునేటప్పుడు నేను కూడ చేసిన, ప్రభువా, నేను దేనికి పనికిరానిదాన్ని, అందరికి బరువైనదాన్ని, పిల్లల అన్నం నేలపాలు చేసినదాన్ని, నాలాంటిది ఉండి ఏం లాభం ప్రభువా, అని ఏడ్సుకుంట చెప్పిన. పాస్టరమ్మ నా పక్కనే మోకాళ్ల మీద ఉన్నది, ఆమె విన్నది. ఆరాధన అయినంక అందరు పోతుంటే నన్ను ఆపి కుర్చీ వేసి కూసోబెట్టింది.

"అక్కా, నీ ప్రార్థన విన్న, ఏమనుకోకు. అండ్ల నువ్వు దేవున్ని ఏం అడగలేదు, మొత్తం నిన్ను నువ్వు తిట్టుకున్నవ్" అన్నది.

"తగ్గించుకోవాలె గదమ్మా?" అన్న.

"తగ్గించుకునుడు వేరు అక్కా, తన్నుకునుడు వేరు" అన్నది. ఇంకో కుర్చీ నా ముందట వేసుకొని కూసొని, "బడిల నీతోని వండే ఆమెకు కూడ మోకాళ్ల నొప్పులు అన్నవ్ గదా, ఆమె కోసం ఒకసారి ప్రార్థన చెయ్యి, నేను వింట" అన్నది.

అదెంత పని అనుకొని కండ్లు మూసుకున్న. "ప్రభువా, యాదమ్మ పొద్దుగాల నుంచి పొయ్యి కాడ నిలబడే ఉంటది, ఆమె మోకాళ్లు వాస్తున్నయి, చాన అలసిపోయింది తండ్రీ. ఆమె చేతి అన్నం ఎంతమంది పిల్లలు తిన్నరో నీకు ఎరుకే. ఆమెను నువ్వే పట్టుకో, భయపడొద్దని చెప్పు, జర విశ్రాంతి ఇయ్యి" అన్న. మాటలు వాటంతట అవే వచ్చినయి.

"ఆమేన్. ఇప్పుడు గదే ప్రార్థన, యాదమ్మ జాగల నీ పేరు పెట్టి చెయ్యి" అన్నది పాస్టరమ్మ.

సహోదరీలారా, నాకు రాలే. "ప్రభువా, సువార్తమ్మ" అన్న, అక్కడికే గొంతు పట్టుకున్నది. మల్ల మొదలుపెట్టిన, మల్ల ఆగిపోయింది. నోటి నిండ తిట్లు తయారుగ ఉన్నయి గని, సువార్తమ్మ అలసిపోయింది తండ్రీ అనే ఒక్క మాట అననీకి నాకు ధైర్యం సాల్లేదు. పాస్టరమ్మ తొందర పెట్టలే, మాట అందియ్యలే, ఉత్తగ కూసున్నది. చానసేపటికి అన్న. సువార్తమ్మ అలసిపోయింది తండ్రీ, ఆమె చేతి అన్నం ఎంతమంది పిల్లలు తిన్నరో నీకు ఎరుకే, ఆమెను నువ్వే పట్టుకో, మంచం అంటె ఆమెకు భయం, ఆ భయం తియ్యి. అంటుంటే కండ్లల్ల నీళ్లు కారినయి, నా భుజాలు కిందికి దిగినయి, అవి గంత మీదికి లేసి ఉన్నయని దిగినప్పుడు తెలిసింది. నొప్పి పోయిందా అంటే పోలే. పిడికిలి ఇడిసినట్టు జర వదులైంది, అంతే. నాకు గంతే చాలనిపించింది. నన్ను తిట్టే గొంతు దేవునిది కాదని గా కుర్చీల కూసొని తెలుసుకున్న, దేవునికే మహిమ.

నేను ఇగ పనికి రానని బడిల చెప్పనీకి మా ఆయన పోలే. నాలుగు రోజులు పండి లేసి నేనే బడికి పోయిన. లోపలి మాట బంద్ కాలే, మొదట్ల ఇంక గట్టిగ వచ్చింది, ఏం సువార్తమ్మా, నీకు నువ్వే జోల పాడుకుంటున్నవా అని ఎక్కిరిచ్చింది. అది వచ్చినప్పుడల్ల గంటె పక్కన పెట్టి, ఊపిరి మెల్లగ తీసుకొని మెల్లగ ఇడిసి, గుంజే కాడ చెయ్యి పెట్టుకొని, యాదమ్మకైతే ఏం చెప్తనో గదే నాకు చెప్పుకున్న. కష్టమైతుంది, ఎరుకే, దేవుడు పట్టుకున్నడు, నెమ్మది. కొన్ని రోజులు మర్సిపోయి మల్ల తిట్టుకున్న. మర్సిపోయినందుకు ఇంకోసారి తిట్టుకున్న. మల్ల మొదలుపెట్టిన.

ధైర్యం చేసి ఒకనాడు యాదమ్మను అడిగిన, "గంజులన్ని నీతోనే దింపిస్తున్న, నా మీద కోపం రాదా?" అని.

యాదమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "గంజు దించుడు ఒక పనా అక్కా, మొద్దు పని. ఉప్పు కారం చూసేది నువ్వు, సార్లతోని మాట్లాడేది నువ్వు. నువ్వు రాని రోజులు పిల్లలు నా మాట ఇంటే గదా, ఒక్కడు వరుసల నిలబడలే" అన్నది. నేను ఆమె కోసం ప్రార్థన చేస్తున్న సంగతి చెప్తే, "నేను మీ చర్చికి రాను గని, నా మోకాళ్ల సంగతి మీ దేవునికి చెప్పుడు మాత్రం ఇడిసిపెట్టకు" అని నవ్వింది. ఇన్నేండ్లు ఆమె మనసుల ఉన్నయనుకున్న మాటలన్ని నేను అల్లినయే.

ఇంకొకటి కూడ దేవుడు నాకు తిరిగి ఇచ్చిండు. మోకాళ్లకు నూనె రాసుకుంటుంటే మా అమ్మ యాదికొచ్చింది. వంగిన అమ్మనే యాది పెట్టుకున్న గని, ఆమె తన కాళ్లు తానే పిసుక్కుంట, "పాపం, ఎంత దూరం నడిసినయో, మంచి కాళ్లు" అనేది, పసిపిల్లతోని మాట్లాడినట్టు మాట్లాడేది. అది నేను పూర్తిగ మర్సిపోయిన. ఆమెకు రోగం ఉండె గని ఆమె తనకు తాను శత్రువు కాలేదు. గప్పటి నుంచి అమ్మ లెక్క అయితనేమో అన్న మాటకు నేను మునుపటంత భయపడతలేను.

మల్ల నల్లగొండ దవాఖానకు పోయిన. అదే డాక్టరు, అదే ఫొటో, ఎముకలు ఎట్లున్నయో గట్లనే ఉన్నయన్నడు. ఈసారి ఆయన మాట నాకు తిట్టు లెక్క వినపడలే. కసరత్తులు మల్ల చూపించమని అడిగిన, రోజు చేస్తున్న, రాత్రి నిద్ర పడతాంది, గోలీలు కూడ ఆయనే చూసి తగ్గించిండు. సలికాలం మబ్బుల, తెల్లారకముందు లేస్తే, ఇప్పటికీ నడుము పట్టుకుంటది, కొన్ని రోజులు ఏడుపు కూడ వస్తది. నొప్పి వస్తది, పోతది. దాని ఎంబడి తిట్లు మాత్రం మునుపటి లెక్క రావు.

మీల ఎవరికన్న లోపల గసుంటి గొంతు ఉంటే, అది దేవుని గొంతు అనుకోకున్రి. దవాఖానకు పోవాల్సింది పోన్రి, గోలీలు ఏసుకోవాల్సింది ఏసుకోన్రి, దాంతోని పాటు, పక్కింటామె కోసం ఎట్ల ప్రార్థన చేస్తరో గట్లనే మీ పేరు పెట్టి ఒకసారి చెయ్యున్రి. మొదట గొంతు పట్టుకుంటది. పట్టుకోనియ్యున్రి, ఆగున్రి, ఆయన ఎక్కడికి పోడు, మనల్ని తొందర పెట్టడు. నన్ను నమ్మాల్సిన పని లేదు, ఆయనను నమ్మున్రి. నన్ను ఇంత దూరం మోసినందుకు, గీ సంఘాన్ని, పాస్టరమ్మను, మా ఆయనను, యాదమ్మను నాకిచ్చినందుకు ఆయన నామానికి స్తోత్రం.

ఇంకా చెప్పేది ఉంది గని, నిలబడి చానసేపైంది, నడుము గుంజుతాంది. ఏం అనుకోకున్రి, నేను కూసుంట.